కడ్డీ మీద తెల్లటి పొర

నేను ఒక పిక్కరును. నైలాను పిక్కరును. చాలా ఏళ్ళుగా నన్నొక సందేహం పట్టుకుని ఉంది. మా ఊరి చెన్నకేశవస్వామి కల్యాణానికి ఒక ఏడాది నేసిన పంచెలోనూ, అమ్మవారి చీరలోనూ నా ఒంటి పొడి కొంత కలిసింది. కావాలని కలపలేదు. అరిగితే రాలింది, రాలితే కలిసింది. స్వామి గమనించాడా? గమనించి ఊరుకున్నాడా? లేక ఆయనకు ఇలాంటివి పట్టవా? అడుగుదామంటే నాకు నోరు లేదు. నోరున్న వాళ్ళకు ఈ సందేహం రాలేదు.

మగ్గం ఎరగనివాళ్ళకు పిక్కరంటే ఏమిటో చెప్పాలి. గుంట మగ్గంలో నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు. అతని ముందు అటూ ఇటూ ఊగే పలక ఉంటుంది. ఆ పలకకు రెండు చివర్లా రెండు పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక ఇనుప కడ్డీ. కడ్డీకి గుచ్చి ఉండే చిన్న దిమ్మ మేము, అటొకరం ఇటొకరం. నేతగాడు తాడు లాగితే కడ్డీ మీద జారి వెళ్ళి, నూలు చుట్టిన కండెను మోసే నాడెను ఒక్క తాపు తంతాము. నాడె నిలువుగా బిగించిన పడుగు పోగుల మధ్యగా దూసుకుపోయి అవతలి పిక్కరు ఒళ్ళో పడుతుంది. అది మళ్ళీ ఇటు తంతుంది. దీన్నే నేత అంటారు. పేరు మాత్రం నేతగాడికి వస్తుంది.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. బియ్యపు నూకల్లాంటి తెల్లటి గింజలుగా ఒక గోతాంలో ఉండేవాళ్ళం. కరిగించారు, ఇనుప అచ్చులోకి నెట్టారు, చల్లార్చి బయటికి తీశారు. ఒక మనిషి తుమ్మి మూతి తుడుచుకునేలోగా అంతా అయిపోయింది. మంత్రసాని లేదు, బారసాల లేదు. అంచుల వెంట మిగిలిపోయిన పీచును బ్లేడుతో చెక్కినవాడు ఆ సేపంతా పక్కవాడితో వాళ్ళ బావమరిది పెళ్ళిలో వడ్డించిన పులిహోర గురించి మాట్లాడాడు. నా వైపు చూసినట్టు లేదు.

అక్కడినుంచి శరభయ్య కొట్టుకు వచ్చాను. చీరాల దాటాక సముద్రం వైపు వెళ్ళే దారిలో మా నేత ఊరు ఉంది. ఆ ఊళ్ళో మగ్గం సామాన్లన్నీ శరభయ్య దగ్గరే దొరుకుతాయి. ఆయన దేవుడి పటాల కింద కూర్చుని అబద్ధాలు ఆడేవాడు. నన్ను చేతిలోకి తీసుకుని, "ఇది అరిగేది కాదు. నీ మనవడు కూడా దీంతోనే నేస్తాడు" అని ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం భయం వేసేది.

నన్ను కొన్నది పుట్టా భావన్నారాయణ. నలభై దాటినవాడు, నుదుట నామం, పొద్దున స్నానం చేయకుండా పచ్చి మంచినీళ్ళు కూడా తాగడు. ఆయన కొట్టుకు వచ్చేసరికే కోపంగా ఉన్నాడు. అరిగిపోయిన పాత పిక్కరు ఒకటి గల్లా పెట్టె మీద పెట్టాడు.

"శరభయ్యా, ఏం సరుకు ఇది? వారం తిరక్కుండా బెజ్జం చూడు. గోలీ దూరిపోద్ది."

"నా సరుకుని అనమాక. ఊరంతా ఇదే వాడుతున్నారు. నీ చెయ్యి మోటు."

"నా చెయ్యి కొత్తగా మోటయిందా? మామూలు చీరలు నేసినన్నాళ్ళు ఒక జత ఏడాది దాటి వచ్చింది. స్వామి బట్ట మొదలెట్టినకాడ్నించి వారానికో జత పోతంది."

"అయితే నన్నడుగుతావేంది? స్వామినడుగు. ఇదిగో, కొట్టులో ఇదే ఆఖరి జత. మళ్ళీ సరుకు దిగేది కల్యాణం అయినాకే."

అలా నేను, నా జంట కలిసి భావన్నారాయణ ఉత్తరీయం కొంగులో మూటకట్టుకుని వెళ్ళాము.

ఆ ఇంట్లో ఏం జరుగుతోందో మగ్గమెక్కాక తెలిసింది. మా ఊళ్ళో స్వామి కల్యాణ వస్త్రాలు నేసే వంతు ఏడాదికొక ఇంటికి వస్తుంది. స్వామికి పంచె, అమ్మవారికి చీర, రెండూ ఒకే పడుగు మీద, మడితో, మధ్యలో కోయకుండా నేయాలి. తెగిన పోగుకు ముడి వేయకూడదు, రెండు కొసలూ గంజితో తడిపి పురి పెట్టి కలపాలి. కల్యాణం ముందు రోజు సాయంత్రం కులపెద్దలు మేళంతో వచ్చి తీసుకుపోతారు. ఆ వేళకు బట్ట మగ్గం దిగకపోతే ఆ ఇంటి పేరు వంతుల్లోంచి తీసేస్తారు. భావన్నారాయణ తండ్రి కాలంలో ఒకసారి అలా జరిగింది. పడుగు తెగి, మూర బట్ట మిగిలిపోయి, మేళం వాకిట్లోంచి వెనక్కి వెళ్ళింది. ఆ తర్వాత ఆయన గుడికి వెళ్ళినా ధ్వజస్తంభం దాటి లోపలికి పోలేదట. ఆయన పోయాక కొడుకు పెద్దల చుట్టూ తిరిగి తిరిగి వంతు మళ్ళీ తెచ్చుకున్నాడు. ఈసారి తప్పితే ఇక రాదు. ఆ ఇంట్లో అన్నం ఉడుకుతున్నా, నీళ్ళు తోడుతున్నా అందరి మనసులో ఉన్నది అదే.

అందరూ అంటే ఇద్దరే. భావన్నారాయణ, ఆయన భార్య తిరుపతమ్మ. ఆమె కండెలు చుట్టేది, గంజి కాచేది, నోటితో మొగుణ్ణి నడిపించేది.

పిక్కర్లు పోవడానికి కారణం ఏమిటని ఇద్దరూ చాలా ఆలోచించారు. స్వామి పరీక్ష పెడుతున్నాడని ఆయన అన్నాడు. వెనక వీధివాళ్ళ దిష్టి అని ఆమె అంది. మగ్గానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. నాడె వెళ్ళినప్పుడల్లా ఆ నిమ్మకాయ ఊగేది. అంతకుమించి అది చేసిన పని నాకు కనపడలేదు.

కారణం నాకు మొదటి రోజే తెలిసింది. తెల్లవారుజామున తిరుపతమ్మ తలస్నానం చేసి, తడి చీరతో వచ్చి, మగ్గానికి ఉన్న ఇనుప సామానంతా ఇటుక పొడి, చింతపండు పెట్టి తోమింది. పూజ గిన్నెలు తోమినట్టే తోమింది. స్వామి పని కదా, ఆమెకు అది మడి. మమ్మల్ని ఊడదీసి కడ్డీలు రెండూ తళతళలాడేదాకా రుద్ది, మళ్ళీ గుచ్చింది. ఆ మెరుపు చూసి దండం పెట్టుకుంది. భావన్నారాయణ గుంటలోకి దిగి తాడు లాగాడు. నేను కడ్డీ మీద జారాను. ఒళ్ళంతా ఆకురాయి మీద గీకినట్టు అయింది.

మెరిసేదంతా నున్నగా ఉంటుందని మనుషులు అనుకుంటారు. ఇటుక పొడి పెట్టి రుద్దిన ఇనుము మీద కంటికి కనపడని గీతలు వేలకొద్దీ ఉంటాయి. వాటికి నాబోటి మెత్తనివాడు దొరికితే కొబ్బరి కోరినట్టు కోరతాయి. అయినా మా జాతికి ఒక ఉపాయం ఉంది. ఇనుముతో కాపురం మొదలుపెట్టినప్పుడు మేము కొంచెం రాలిపోతాము. రాలిన పొడి ఆ గీతల్లో పడి, అణిగి, కడ్డీకి పాలమీగడలాంటి పల్చటి తెల్లని పొరగా అంటుకుంటుంది. అది అంటుకున్నాక మేము జారేది ఇనుము మీద కాదు, మా పొర మీద మేమే. ఇక అరుగుదల దాదాపు ఆగిపోతుంది. ఇచ్చేదేదో మొదట్లో ఇచ్చేస్తే ఆ తర్వాత ఇనుము కూడా మెత్తగానే ఉంటుంది.

నేను రోజంతా ఆ పొర వేసేవాణ్ణి. తెల్లారేసరికి తిరుపతమ్మ వచ్చి, "ఛీ, ఏందో ఈ తెల్లటి పాచి" అని దాన్ని పూర్తిగా తోమేసేది. నేను మళ్ళీ మొదటినుంచి ఇచ్చుకునేవాణ్ణి. మామూలు చీరల కాలంలో ఆమె కడ్డీల జోలికి వెళ్ళలేదు కాబట్టి నా ముందువాళ్ళు ఏడాది బతికారు. భక్తి పెరిగాక వారం బతికారు. ఇందులో ఎవరిది తప్పని అడిగితే నేను చెప్పలేను. ఆమె చేతుల్లో ఉన్నది నిజమైన భక్తి. అది నా ఒంటి మీద పని చేస్తున్నది కూడా నిజమే.

నా బెజ్జం వదులైంది. జారేటప్పుడు ఊగసాగాను. నేను ఊగితే తాపు వంకరగా తగిలి నాడె దారి తప్పుతుంది. తప్పి పోగుల మీదికి ఎగురుతుంది, పోగులు తెగుతాయి. ఒక్కో పోగూ తడిపి పురిపెట్టి కలిపేసరికి పూటలు గడిచిపోయేవి. భావన్నారాయణ మాట తగ్గిపోయింది. తిరుపతమ్మ మరింత గట్టిగా తోమసాగింది.

అప్పుడు ఒక పొద్దున ఆమె దూరమైంది. నెలకోసారి ఆడవాళ్ళు పాటించే దూరం. మా ఇంట్లో ఆ రోజుల్లో ఆమె పెరటి వసారాలో చాప వేసుకుని ఉండాలి, వంటింటి గడప తొక్కకూడదు, మగ్గం ఛాయలకు రాకూడదు. ఎండబెట్టిన పిండి వడియంలా మొహం పెట్టుకుని ఆమె పెరట్లో కూర్చుంది. ముందే చుట్టిపెట్టిన కండెలు బుట్టనిండా ఉన్నాయి. మిగతా పనంతా భావన్నారాయణ మీద పడింది. వంట, నీళ్ళు, గంజి, నేత. పెరట్లోంచి ఆమె గొంతు మాత్రం ఇల్లంతా తిరిగేది.

"ఏవయ్యో, పప్పులో ఉప్పేశావా?"

"ఏశా."

"నిన్న కూడా ఏశా అన్నావు. నోట పెడితే తెలిసింది."

"ఇయాల రెండు రోజులదీ కలిపి ఏశాలే."

"కడ్డీలు తోమావా?"

భావన్నారాయణ కాళ్ళు గుంటలో ఉన్నాయి, చేతిలో తాడు ఉంది, పొయ్యి మీద అన్నం ఉంది.

"తోమా" అన్నాడు.

ఆ మాట అబద్ధం. పొద్దున లేచి విష్ణుసహస్రనామం చదివే మనిషి, స్వామి బట్ట నేస్తూ, స్వామి బట్ట గురించే ఆడిన అబద్ధం. దానివల్లే నేను బతికాను. దీన్ని ఏ ఖాతాలో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడు రోజులు ఎవరూ తోమలేదు. మొదటి రోజు పొర అంటుకుంది. రెండో రోజు గట్టిపడింది. మూడో రోజు నేను వెన్న మీద వేలు జారినట్టు జారాను. నాడె గీత గీసినట్టు వెళ్ళి వచ్చింది. ఒక్క పోగు తెగలేదు. నేసిన బట్ట ముందున్న దోనె కర్ర మీద చుట్టుకుంటూ పోయింది. ఒక ఆచారం పాడుచేస్తున్న బట్టను ఇంకొక ఆచారం వచ్చి కాపాడింది. రెండూ ఆ ఇంటివే.

నాలుగో రోజు తిరుపతమ్మ తలంటుకుని లోపలికి వచ్చింది. రాగానే పెట్టెలోకి తొంగి చూసింది.

"ఇదా నువ్వు తోమింది? పాచి పట్టిన పళ్ళలాగా ఉన్నాయి!"

"తోమలేదు. కుదర్లేదు."

"మరి తోమానన్నావే!"

"అన్నాను."

ఆమె ఎడమ పెట్టె దగ్గర కూర్చుని, నా జంటను ఊడదీసి, ఆ కడ్డీని మూడు రోజుల కోపమూ కలిపి తోమింది. తోమి కుడివైపు వచ్చేసరికి భావన్నారాయణ అడ్డం వచ్చాడు.

"ఆగవే. మూడు రోజులు చక్కగా నడిచింది. ఇప్పుడు కదిలించమాక."

"అంటే నేను లేకపోతే చక్కగా నడిచింది, నేనొస్తే నడవదు. అంతేగా?"

"ఆ మాట నేనన్లేదు."

"నువ్వనవు. నీ మొహం అంటంది."

ఆమె ఇటుక పొడి గిన్నె అక్కడే ఠక్కున పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అందువల్ల నా కడ్డీ తెల్లగా మిగిలింది, నా జంట కడ్డీ తళతళలాడింది. ఆ రోజు సాయంత్రానికి నా జంట పెట్టె కింద బియ్యప్పిండి చల్లినట్టు పొడి రాలింది. నా కింద ఏమీ లేదు. మర్నాడు ఊడవడానికి వచ్చిన తిరుపతమ్మ చీపురు పట్టుకుని ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. మళ్ళీ ఎడమవైపు చూసింది. వేలితో పొడి తీసుకుని నలిపి చూసుకుంది. కడ్డీ వేలితో తడిమింది.

తర్వాత మొగుడి దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అంది. "కడ్డీలు ఇంక తోమను."

"ఏం?"

"తోమబట్టే పోతన్నయ్. దిష్టీ కాదు, పరీక్షా కాదు. నా చేతులే." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి మళ్ళీ అంది. "ఈ సంగతి ఆ శరభయ్యకు చెప్పావంటే చూడు."

భావన్నారాయణ చెప్పలేదు. శరభయ్య ఇప్పటికీ అది ఆయన చేతి మోటుదనమే అనుకుంటాడు.

కానీ నా జంటకు ఆలస్యమైంది. దాని గోడ అప్పటికే ఉల్లిపొరంత పల్చనైపోయింది. పెద్దలు రావలసిన రోజు పొద్దున, బట్ట ఇంకో మూర మిగిలి ఉండగా, ఒక తాపుకు అది నిలువునా చీలి రెండు చెక్కలై పడింది. నాడె అటు వెళ్ళి తిరిగి రాలేదు. మగ్గం ఆగింది.

తిరుపతమ్మ పరుగున శరభయ్య కొట్టుకు వెళ్ళి వట్టి చేతులతో వచ్చింది. పక్క మగ్గాల మీద వాడుతున్నవి మడికి పనికిరావు. భావన్నారాయణ గుంటలోనే కూర్చుని మిగిలిపోయిన మూర పడుగును చూస్తున్నాడు. వాళ్ళ నాన్నకు మిగిలింది కూడా మూరే.

అప్పుడు తిరుపతమ్మ తల పైకెత్తింది. దూలానికి ఒక పాత తోలు పిక్కర్ల జత వేలాడుతోంది.

నైలాను రాకముందు ఊళ్ళో అందరివీ తోలు పిక్కర్లే. వాటిని చేసేవాడు ఏసోబు, ఊరి చివర మాలపల్లె దాటాక ఉండే ముసలాయన. గేదె తోలును మడతలు వేసి కుట్టి, నూనెలో నానబెట్టి చేసేవాడు. పైకం తీసుకునేవాడు కాదు. జతకొక తువ్వాలు, ఆ జత పెట్టుకున్న మగ్గం మీదే నేసినది ఇవ్వాలి. అది రెండు తరాల వాడుక. భావన్నారాయణ ఆ ఆఖరి జత తెచ్చుకున్న నెలకే నైలాను వచ్చింది. తోలు లేకుండా నేయడానికి వీలున్నప్పుడు స్వామి బట్టకు తోలెందుకని పెద్దలు కూడా అన్నారు. జత దూలానికి ఎక్కింది. వాడని జతకు తువ్వాలు ఏమిస్తాంలే, తర్వాత చూద్దాంలే అనుకుంటూ ఏళ్ళు గడిచాయి. ఏసోబు అడగలేదు. ఎదురుపడితే భావన్నారాయణ పక్క సందులోకి తిరిగేవాడు.

"అది తోలే" అన్నాడు భావన్నారాయణ.

"గుళ్ళో మద్దెలకు మూసింది అరిటాకా?" అంది తిరుపతమ్మ.

ఆయన గుంటలోంచి పైకి వచ్చి జతను దించాడు. "తోలు సంగతి స్వామి చూసుకుంటాడు" అన్నాడు చివరికి. "దాని మీద బాకీ ఉంది. బాకీ ఉన్న వస్తువు ఆయన బట్టకు ఎట్టా ఆనిస్తాను? అది నేను చూసుకోవాలి."

సాయంత్రం ఏమైందో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అది చిన్న సంగతి. మేళం వచ్చింది. బట్ట పళ్ళెంలో మడతపెట్టి ఉంది. ఆఖరి మూర తోలు పిక్కరుతో నేశానని భావన్నారాయణ తనంతట తానే చెప్పాడు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికన్నా పెద్దాయన బట్టను వేళ్ళతో తడిమి, "మా తాతలు మొదట్నుంచి చివరిదాకా తోలుతోనే నేశారు. స్వామి కట్టుకోనన్లేదు. పట్టండి, మంచి ఘడియ దాటిపోతంది" అన్నాడు. వంతు నిలిచింది. నేను ఆ తర్వాత మరో ఏడాదిన్నర పనిచేసి, ఇప్పుడు ఒక పాత పౌడరు డబ్బాలో రెండు బొత్తాలు, మూత లేని కాటుక భరిణెతో కలిసి విశ్రాంతిగా ఉన్నాను.

నేను చెప్పదలచుకున్నది ఆ మధ్యాహ్నం సంగతి.

తిరుపతమ్మ వెళ్ళి ఏసోబును పిలుచుకొచ్చింది. ఆయన వాకిట్లో అరుగు దగ్గర ఆగాడు. ఏళ్ళ తరబడి దూలానికి వేలాడి ఎండిపోయిన తోలు జతను చేతికిస్తే, వాసన చూసి, ఆముదం అడిగి, అరుగు మీద కూర్చుని అరచేతుల్లో వేసి పిసకసాగాడు. చాలాసేపు పిసికాడు. తోలు నల్లగా, మెత్తగా మారింది. ఆ అరుగు నాకు తలుపులోంచి కనిపిస్తూనే ఉంది.

భావన్నారాయణ లోపలికి వెళ్ళి పెట్టె తెరిచాడు. తువ్వాలు నేద్దామంటే మగ్గం మీద స్వామి పడుగు ఉంది. ఇంట్లో ఆ మగ్గం మీద నేసిన కొత్త బట్ట ఒక్కటే ఉంది. ఆ సాయంత్రం స్వామి పళ్ళెం వెంట గుడిదాకా నడిచేటప్పుడు వేసుకోవడానికి ఆయన నేసుకున్న ఉత్తరీయం. ఎర్రటి అంచు, సన్నటి నూలు. దాన్ని తెచ్చి ఏసోబు ముందు పెట్టాడు.

"తాతా, ఇది తీసుకో. ఆ జత తాలూకు."

ఏసోబు చేతులకు ఆముదం ఉంది. ముట్టుకోలేదు. "ఇదేంది? నాది తువ్వాలేగా."

"తువ్వాలు లేదు. ఇదే ఉంది."

"ఎప్పటి మాటో. నేనే మర్చిపోయా."

"నువ్వు మర్చిపోలా. మర్చిపోతే రోడ్డు మీద నన్ను చూసి నవ్వుతా ఎందుకు పోతావు?"

ముసలాయన ఈసారి నిజంగా నవ్వాడు. "సందులోకి దూరతంటే నవ్వక ఏం చేస్తాను? ఎదర గోడ ఉన్న సందులోకి కూడా దూరావు ఒకసారి. కానియ్, ముందు నీ పని చూసుకో. ఇది కల్యాణం అయినాక ఇద్దువులే."

"నువ్వు తీసుకునేదాకా నేను గుంటలోకి దిగను."

"పొద్దు వాలతంది, అయ్యా."

"వాలనీ."

తిరుపతమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏసోబు ఒకసారి ఎండ వైపు చూశాడు, ఒకసారి మగ్గం వైపు, ఒకసారి పంతం పట్టి నిలబడ్డ మనిషి వైపు.

"నీ మొండితనం తగలెయ్య. నా తువ్వాలు కోసం స్వామి పెళ్ళి ఆగాలా? ఇటు తే!"

ఆయన లేచి, అరుగు పక్క తొట్టిలో చేతులు కడుక్కుని, పంచె అంచుకు శుభ్రంగా తుడుచుకున్నాడు. ఉత్తరీయం అందుకుని విప్పి, వెలుతురుకు ఎత్తి పట్టి, ఎర్రటి అంచు వెంట బొటనవేలు జరుపుకుంటూ ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు. తొందరపడలేదు. మడత పెట్టి భుజం మీద వేసుకున్నాడు. నానిన తోలు పిక్కరును భావన్నారాయణ చేతిలో పెట్టాడు.

"చెల్లింది" అన్నాడు. "దిగు."